బండి ఆగిన చోటు

మాది పాత కలప వ్యాపారం. కూల్చబోయే ఇళ్ళకు వెళ్ళి తలుపులు, ద్వారబంధాలు, దూలాలు, స్తంభాలు కొని బాగుచేసి అమ్ముతాం. ఈ వ్యాపారంలో సరుకు కంటే చిరునామా ఖరీదు. ఏ వీధిలో ఏ ఇల్లు కూలబోతోందో ముందు తెలిసినవాడిదే బేరం. అందుకే ఎక్కడికి వెళ్తున్నానో నేను మా ఆవిడకు కూడా చెప్పను.

అలాంటి నాకు ఆ ఏడాది ఒక్కో ఇల్లూ చేజారిపోయింది. నచ్చిన ఇంటికి మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళేసరికి యజమాని గుమ్మంలోనే ఇబ్బందిగా నవ్వేవాడు.

"మీ తమ్ముడుగారొచ్చి ఖాయం చేసుకున్నారండీ. మీరే పంపారనుకున్నాం."

తమ్ముడంటే నా తోడల్లుడు, మా మరదలి మొగుడు. ఎంత పుచ్చు చెక్కనైనా రంగు పూసి మెరిపిస్తాడని బజారంతా అతన్ని పాలిష్ అంటుంది. నా దగ్గరే పని నేర్చుకుని పక్క వీధిలో సొంత దుకాణం పెట్టాడు. పెట్టుకోనీ. కొత్త కారు కొన్నప్పుడు పాతది నాకే అమ్మాడు. "బయటివాళ్ళకెందుకన్నయ్యా, మనింట్లోనే ఉంటుంది" అన్నాడు. కాగితాలు నా పేరుకు మారాయి. అయినవాళ్ళ దగ్గర కొన్న బండిని అంతకుమించి ఎవరు మాత్రం పరీక్షిస్తారు?

ఒకరోజు సర్వీసుకు తీసుకెళ్ళాను.

"గడువు దాటిపోయిందండీ. మెసేజ్ రాలేదా?" అంది కౌంటరులో అమ్మాయి.

"రాలేదమ్మా."

"వెళ్ళినట్టే చూపిస్తోందే!" అంటూ తెర నావైపు తిప్పింది. అక్కడున్నది పాలిష్ నంబరు.

"మావాడే. ఆ ఫోనుకి ఇంకా ఏమేం వెళ్తాయమ్మా?"

"అన్నీనండీ. ఈ బండికి కంపెనీ యాప్ ఉందిగా. బండి ఎక్కడికెళ్ళింది, ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది. మంచిదేగా, దొంగెవరో కూడా తెలిసిపోతుంది."

"తెలిసిపోయిందమ్మా" అన్నాను.

మా మేనకోడలు వకీలు. సంగతి విని, ఆ యాప్‌లోంచి పాలిష్ పేరు తీసేయమని కారు కంపెనీకి రాసింది. యాప్ ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్ళే తమ కస్టమరనీ, ఆయన ఒప్పుకుంటేనే తీసేస్తామనీ జవాబొచ్చింది.

"బండి నాది, బండి నోరు వాడిదా?" అన్నాను.

"ప్రస్తుతానికి అంతే మావయ్యా. కేసు వేద్దాం. కానీ ఖాతా తీయడం మర్చిపోయాను, నేనసలు చూడనే లేదు అంటాడు చిన్న మావయ్య. చూశాడని ఎవరు చెప్తారు?"

"వాడే చెప్తాడు."

"ఎందుకు చెప్తాడు?"

"కడుపు మండితే చెప్తాడు. నాకు మండినట్టు వాడికీ మండాలి. అప్పటిదాకా ఆ ఖాతా జోలికి పోకు."

"మీకు న్యాయం కావాలా, పగ కావాలా మావయ్యా?"

"రెండూ ఒకే కొట్లో దొరుకుతుంటే రెండు కొట్లు తిరగడమెందుకే?"

రైలు పట్టాల అవతల ఒక పాత మేడ ఉంది. ముందు వరండాలో, చేతులు చాపి వాటేసుకున్నా అందనంత లావు స్తంభాలు. చూస్తే కన్ను తిప్పుకోలేం. నేను వంగి ఒక స్తంభం మొదట్లో వేలి కణుపుతో తట్టాను. మంచి కలప అయితే ఖంగున పలుకుతుంది. ఇది తడిసిన డప్పులా మూలిగింది. నేలలోంచి చెదలు ఎక్కి లోపలంతా తినేసింది. పైన నిలబడి ఉన్నది రంగు మాత్రమే.

"పెద్ద స్తంభాలండీ" అన్నాను యజమానితో. అది నిజమే.

మా పనిలో ఒక ఇంటికి ఒకసారి వెళ్తే చూసినట్టు, మళ్ళీ వెళ్తే మెచ్చినట్టు, మేస్త్రీతో వెళ్ళి పొద్దెక్కేదాకా ఉంటే కొన్నట్టే. ఈ లెక్క పాలిష్‌కు నేర్పింది నేనే. అలాగే వెళ్ళాను. ఆఖరిసారి మేస్త్రీని తీసుకెళ్ళి చెట్టునీడన కారులోనే కూర్చోబెట్టి భోజనం పొట్లం చేతికిచ్చాను.

"లోపలికెళ్ళి కొలతలు తీసుకోమా బాబూ?"

"బండి చేస్తోందిగా మన పని. నువ్వు తిను."

ఆ రోజుల్లోనే నేను అసలు బేరాలకు బస్సులో తిరిగాను. ఊరి చివర ఒక ఇంటి స్తంభాలు, ఖంగున పలికేవి, చడీచప్పుడు లేకుండా మా షెడ్డుకు చేరాయి.

పాలిష్‌కు ఒకప్పుడు మంచి చెవి ఉండేది. నా బండి జాడ దొరికాక తట్టిచూడడం మానేశాడు. నేను ఆగిన చోట తట్టే ఉంటానని ధీమా. చేతిలో ఉన్నదంతా పోసి ఆ మేడ కలప మొత్తం కొనేశాడు. ఒక హోటలుకు స్తంభాలిస్తానని మాట కూడా ఇచ్చేశాడట. మరదలు మా ఆవిడకు ఫోన్ చేసి మురిసిపోయింది. నేను పక్కనే కూర్చుని విన్నాను.

మొదటి స్తంభాన్ని క్రేను లేపగానే అది మధ్యకు విరిగి, లోపల్నుంచి మట్టి జలజలా కారిందని మేస్త్రీ వచ్చి చెప్పాడు. వెంటనే మేనకోడలిని దుకాణానికి రమ్మన్నాను. తను వచ్చి కూర్చుందో లేదో పాలిష్ నిప్పులు కక్కుతూ దిగాడు. దుకాణంలో కొనేవాళ్ళున్నారు, వడ్రంగులున్నారు.

"నన్ను నిలువునా ముంచేశావన్నయ్యా!"

"ఏమైంది తమ్ముడూ? కూర్చో, టీ తాగుతావా?"

"టీ ఏంటి టీ! ఆ స్తంభాల్లో చెదలున్నాయని నీకు ముందే తెలుసు!"

"ఏ స్తంభాలు?"

"పట్టాల అవతల మేడవి! ఏమీ ఎరగనట్టు అడుగుతావేం?"

"ఆ మేడ కొంటానని నీతో అన్నానా?"

"అనలేదు."

"పోనీ, ఇంకెవరితోనైనా అన్నానా?"

"అనడమెందుకు? మాటిమాటికీ వెళ్ళావుగా! పొద్దెక్కేదాకా నీ బండి అక్కడే ఆగి ఉందిగా! నా ఫోన్లో..."

వడ్రంగి చిత్రిక పట్టడం ఆపేశాడు.

"ఆగిపోయారేం చిన్న మావయ్యా?" అంది మేనకోడలు మెత్తగా. "మీ ఫోన్లో ఏముంది?"

పాలిష్ అందరి మొహాలూ చూశాడు. గబగబా జేబులోంచి ఫోను తీశాడు. "ఇప్పుడే తీసేస్తానన్నయ్యా. నీ కళ్ళముందే తీసేస్తాను."

"ముట్టుకోకండి. ఇక అది సాక్ష్యం. తుడిపేస్తే ఇంకో తప్పవుతుంది" అందామె.

కేసు అతని మీదా పడింది, కంపెనీ మీదా పడింది. మొన్నటిదాకా నేను కస్టమరునే కాదన్నవాళ్ళు ఇప్పుడు గౌరవనీయులంటూ ఉత్తరాలు రాస్తున్నారు. హోటలువాళ్ళు స్తంభాల కోసం మా షెడ్డుకే వచ్చారు. తట్టి చూపించి మరీ అమ్మాను. నేనెవరితోనూ అబద్ధమాడలేదు. ఆ మాటకొస్తే బండి కూడా ఆడలేదు.

విచారణ అయ్యేదాకా ఖాతా అలాగే ఉండాలట. ఉండనీ. రోజూ దుకాణం తెరిచేముందు కారు తీసుకెళ్ళి పాలిష్ దుకాణం ముందు ఆపుతాను. ఆ బోలు స్తంభాలు ఆవరణలో అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. లోపలెక్కడో ఫోను టింగుమంటుంది. అలా వెళ్ళొద్దని మేనకోడలు మొత్తుకుంటోంది.

మొన్న మరదలు బయటికొచ్చింది. కనపడగానే "రండి బావగారూ" అనే మనిషి, నావైపు ఒకసారి చూసి గేటు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ నష్టమూ లెక్కలో వేసుకున్నాను.

అయినా కదల్లేదు. ఎంతసేపు ఆగానో కూడా వాడికి తెలియాలి.