పెద్దలు తెంచిన పెళ్లి

పెళ్లిళ్లు రిజిస్టరు చేసే ఆఫీసులో ఆ ఉదయం అందరికంటే ఎక్కువ కంగారు పడుతున్నవాడు పెళ్లికొడుకు కాదు, పెళ్లికూతురి అన్న. వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. బట్టల కార్ఖానాలో కుట్టుపని చేసే చెల్లెలు బెంచీ మీద చేతిరుమాలు మడతపెడుతూ, విప్పుతూ కూర్చుంది. పక్కనే ఆమెను చేసుకోబోయే ఎలక్ట్రీషియన్, కిరకిరమంటున్న ఫ్యాను వంకే చూస్తున్నాడు. స్టూలు దొరికితే ఎక్కి బిగించేసేవాడే.

లోపలికి పిలుపొచ్చింది. రిజిస్ట్రారమ్మ వయసు, చిరునామా చూసి, సాక్షులను పలకరించి, "ఇంతకుముందు పెళ్లయిందామ్మా?" అని అడిగింది.

చెల్లెలు నోరు విప్పేలోపే అన్న అందుకున్నాడు. "అయిందండీ, ఎప్పుడో తెగిపోయింది కూడా. వాడు తాగొచ్చి కొడుతుంటే నేనే నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి విడగొట్టించా."

"కోర్టు విడాకులిచ్చిందా?"

"కోర్టెందుకండీ? పెద్దలు చెప్పాక ఇంకేముంది?"

"అలా కుదరదు. చట్టం ప్రకారం ఈమె ఇంకా అతని భార్యే."

చెల్లెలు చేతిరుమాలు ఉండచుట్టి పట్టుకుంది. ఇన్నేళ్లుగా తప్పించుకున్నాననుకున్న మనిషికి తను ఇంకా భార్యేనా!

అన్న ఆమె చెవిలో గొణిగాడు. "ఇంకో ఆఫీసుకెళ్లి అసలు పెళ్లే కాలేదని చెప్పేద్దాం. ఎవడు తవ్వుతాడే?"

రిజిస్ట్రారమ్మ వినేసింది. "ఆ మొదటి మొగుడే తవ్వుతాడు. అప్పుడీ పెళ్లి చెల్లదు. అబద్ధం చెప్పినందుకు కేసు కూడా మీ చెల్లెలి మీదే."

చదువరులారా, ఆ అన్న చెడ్డవాడు కాడు. చెల్లెలంటే ప్రాణం. కాకపోతే ఆమె బదులు మాట్లాడటం అలవాటైపోయి, ఆ మాటల బరువు ఎవరి నెత్తిన పడుతుందో చూసుకోవడం మరిచిపోయాడు.

చెల్లెలు లేచింది. "ఆ రోజు పెద్దలు కూర్చున్నప్పుడు నేను వంటింట్లో ఉన్నా అన్నయ్యా. నన్నెవరూ పిలవలేదు. నువ్వొచ్చి ఇంక నీకు వాడి పీడ పోయిందన్నావు, నమ్మాను. ఈసారి కోర్టుకు నేనే వెళ్తా."

అన్న పక్కకు జరిగి ఆమెను ముందుకు రానిచ్చాడు.

"నేనూ వస్తా. ఎన్నాళ్లయినా ఆగుతా," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"వాడు కూడా వస్తాడా మేడమ్?" అడిగిందామె.

"నోటీసు వెళ్తుంది. రావచ్చు."

ఆమె చేతిరుమాలు మడిచి నడుములో దోపుకుంది. "రానివ్వండి."

ఆడపిల్లను పాడు పెళ్లి నుంచి తప్పించామని చెప్పుకునే పెద్దలందరూ ఆ మాట కోర్టు చేత కూడా చెప్పించాలి. అంతవరకు ఆమెకు విడుదల లేదు, దాక్కుని బతుకుతోంది, అంతే.