పదకొండు సెంటీమీటర్ల మెట్టు

నేను తినే కూడు కాలువల వల్ల వచ్చేదే. నా మోకాళ్ల నొప్పులూ కాలువల వల్ల వచ్చినవే. ఇరవై ఆరేళ్లుగా మునిసిపల్ ఆఫీసులో లెవెళ్లు తీసే పని నాది. ఏ కాలువ అడుగు ఎంత ఎత్తున ఉందో ఎవరికి కావాలన్నా నా పుస్తకమే దిక్కు. "నీరు పల్లమెరుగు, ఆ పల్లం నేనెరుగు" అని చెప్పుకు తిరిగేవాణ్ని, అదీ నాలుగు గదులకు వినిపించేలా. మెల్లగా మాట్లాడటం మా వంశంలోనే లేదు, ఒక్క మా మేనకోడలికి తప్ప.

మా అక్క కూతురు అదే ఆఫీసులో ఇంజనీరు. నాకు పై అధికారి. నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల ఇప్పుడు నా ఎత్తుపల్లాలు చూస్తోందన్నమాట. దాని పని కంప్యూటరులో ఊరు కట్టడం. ప్రతి డాబా, ప్రతి రోడ్డు, ప్రతి ఖాళీ జాగా అందులో ఎక్కిస్తుంది. మట్టి ఎంత నీరు తాగుతుందో, సిమెంటు ఎంత కక్కుతుందో లెక్క పెడుతుంది. కాలువల ఎత్తులు నా పుస్తకం నుంచి తీసుకుంటుంది. ఆ తరవాత వాన కురిపిస్తుంది. కిటికీ బయట ఎండ మండిపోతుంటే తెర మీద వీధులు మునుగుతుంటాయి. చుక్క తడవకుండా ఊరిని ముంచిన ఘనత మా ఇంటిదే.

ఆ ఏడు ఎగువన ఉన్న గడ్డి నేలలో రెండు వందల ఇళ్లు కడతానని ఒక బిల్డరు వచ్చాడు. గడ్డి పోయి కప్పులూ రోడ్లూ వస్తే వాన నీరు ఇంకడం మాని పరుగందుకుంటుంది. దాన్ని కాసేపు ఆపి, చిన్న తూము గుండా మెల్లగా వదలడానికి ఒక గుంట తవ్వాలి. గుంట చాలకపోతే మునిగేది దిగువన ఉన్న పల్లపు వీధి. గుంట పెరిగితే ప్లాట్లు తగ్గుతాయి కనక, బిల్డరు ఆ గుంట మీద గుంటనక్క చూపు పెట్టి బాగా చిన్నది గీసుకొచ్చాడు.

చిత్రమేమిటంటే, మా అమ్మాయి, అదే మా మేనకోడలు, కట్టిన కంప్యూటరు మోడలు కూడా ఆ గుంట చాలుననే చెప్పింది. మీటింగులో బిల్డరు మొహం విప్పారింది. పెద్ద ఇంజనీరు గారు పెన్ను మూత తీశారు. మా అమ్మాయి మాత్రం సంతకం పెట్టలేదు.

"ఏమ్మా, ఆగావేం?" అన్నారాయన.

"టైలరక్క గోడ ఒప్పుకోవట్లేదు సార్."

టైలరక్క దుకాణం పల్లపు వీధిలో చివరిది. వీధి తరఫున మాట్లాడ్డానికి ఆ రోజు తనూ వచ్చి కూర్చుంది. కిందటేడు పెద్ద వానకు నీళ్లు దుకాణంలోకి వస్తే, గడప మీద ఎంత నిలిచాయో టేపుతో కొలిచి, గోడ మీద సుద్దతో గీత పెట్టింది. తొమ్మిదంగుళాలు. అదే వానను మోడల్లో కురిపిస్తే నాలుగున్నరే వచ్చింది.

"టైలరు కొలత కదమ్మా, అంగుళం అటూ ఇటూ ఉంటుంది" అన్నాడు బిల్డరు.

"ఆ చొక్కా నేను కుట్టిందే సార్" అంది టైలరక్క. "పొట్ట దగ్గర అంగుళం అటూ ఇటూ అయిందా?"

బిల్డరు ఊపిరి లోపలికి పీల్చుకున్నాడు, పొట్టతో సహా.

"శుక్రవారం దాకా చూద్దాం. అప్పటికి తేలకపోతే ఈ గుంటకే అనుమతి" అని పెద్ద ఇంజనీరు గారు పెన్ను మూత పెట్టారు.

బుధవారం మధ్యాహ్నం మా అమ్మాయి నా పుస్తకాలు రెండు చంకన పెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మావయ్యా, నువ్వు పాతగా కొలిచిన కాలువలూ, కొత్తగా కొలిచినవీ కలిసే చోట్లు పద్నాలుగున్నాయి. అన్నిచోట్లా కొత్తది పదకొండు సెంటీమీటర్లు కిందికి ఉంది."

"నా లెవెలు తప్పుతుందా? నా లెవెలేంటో నీకు తెలీదు."

"తప్పయితే ఒకచోట మూడుంటుంది, ఒకచోట ఇరవై ఉంటుంది. అన్నిచోట్లా ఒకటే ఉంటే అది తప్పు కాదు మావయ్యా, అలవాటు. నువ్వు రోజూ కొలత ఎక్కణ్నుంచి మొదలెడతావు?"

"మన ఆఫీసు మొదటి మెట్టు మీద, నేను చెక్కిన బాణం గుర్తు నుంచి. ఊరు కదలొచ్చు గానీ..."

అక్కడే నాకు గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ల కిందట నా కడుపు ఆపరేషనుకు రెండు నెలలు సెలవు పెట్టాను. అప్పుడే ఆఫీసుకు కొత్త రాళ్లు పరిచారు. బెట్టు దిగి మెట్టు దగ్గరికి వెళ్లాను. పక్కనుంచి వంగి చూస్తే కింద పాత రాయి, దాని మీద సిమెంటు, ఆ పైన కొత్త నున్నటి రాయి. రాయి పరిచిన తాపీమేస్త్రి నా మీద గౌరవం కొద్దీ, కింద కప్పబడిపోయిన నా బాణాన్ని పైన అచ్చుగుద్దినట్టు మళ్లీ చెక్కిపెట్టాడు. టేపు పెట్టాను. పదకొండు.

మెట్టు పెరిగింది, నా పుస్తకంలో దాని ఎత్తు పెరగలేదు. నాలుగేళ్ల కిందట పల్లపు వీధి కింద పెద్ద కాలువ కట్టినప్పుడు మట్టాలు చూపించింది నేనే. కాగితం మీద ఉన్నదానికంటే పదకొండు సెంటీమీటర్లు ఎత్తున కట్టించాను. కాలువ తీసుకోక నీళ్లు వెనక్కి తన్నాయి; నా పుస్తకాన్ని నమ్మిన మోడలు మాత్రం సగమే చూపించింది. టైలరక్క గడప దాటింది వాన కాదు, నా లెక్క.

మా అమ్మాయి నా పక్కనే మెట్టు మీద కూర్చుంది. "కొలతల్లో తేడా అని రాస్తాలే మావయ్యా. ఎవరివని ఎవరూ అడగరు."

ఆ రెండు రోజులూ నేను ఒక్క జోకూ వేయలేదు. మా ఆవిడ జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది.

శుక్రవారం మీటింగులో మా అమ్మాయి మాట్లాడ్డానికి లేవకముందే నేను లేచాను. ఊరికి ముంపు కంటే నాకు తలవంపు నయం. మెట్టు సంగతి, బాణం సంగతి, కాలువ సంగతి మొత్తం చెప్పాను. నా గొంతు మొదటిసారి ఆ గదికి మాత్రమే వినిపించింది.

"అయితే ఇరవై ఆరేళ్ల సర్వే అంతా తప్పేనా?" అన్నాడు బిల్డరు.

"తొమ్మిదేళ్లే తప్పు సార్. పదిహేడేళ్లు రైటే."

మా అమ్మాయి సరిచేసిన ఎత్తులతో అందరి ముందూ కిందటేటి వాన మళ్లీ కురిపించింది. తెర మీద టైలరక్క దుకాణం దగ్గర నీరు ఎక్కుతూ ఎక్కుతూ, తొమ్మిదికి పావంగుళం తక్కువలో ఆగింది. ఇక రెండు వందల ఇళ్లూ చేర్చి చూపిస్తే బిల్డరు గీసిన గుంట ముప్పావుగంటలో పొర్లింది. గుంట రెట్టింపు చేయాలని, పెద్ద కాలువ అడుగు దించాలని, ఎంతకు దించాలంటే నా పుస్తకంలో ఉన్న ఎత్తుకేనని తేలింది. లోకంలో పుస్తకం తప్పయితే పుస్తకం దిద్దుతారు. నా పుస్తకం కోసం కాలువను దిద్దారు.

బయటికొచ్చాక టైలరక్క నన్ను ఆపింది. తిడుతుందనుకున్నాను. "తప్పు కుట్టు పడితే కుట్టినోళ్లే విప్పాలి అన్నయ్యా. తవ్వేటప్పుడు మీరే ఉండండి" అంది.

ఉన్నాను. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా, పాత రాయి నుంచి కొలుస్తూ.

రెండేళ్లకు ఇళ్లు లేచాయి. ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం, సుద్ద గీత నాటి వానకు పెద్దన్న లాంటి వాన వచ్చింది. ఈ పాటి వానకు నీరు గడపకు రెండంగుళాల కింద ఆగుతుందని మా అమ్మాయి మోడలు ఎప్పుడో రాసిపెట్టింది. గొడుగేసుకుని పల్లపు వీధికి పరిగెత్తాను. టైలరక్క గుమ్మంలో కూర్చుని, మెడలో టేపు తీసి వీధిలోకి వేలాడేసి చూస్తోంది. నీరు పెరిగింది, పెరిగింది, ఆగింది.

"ఎంత?" అన్నాను.

"గడపకు రెండంగుళాల కింద. అంగుళం అటూ లేదు, ఇటూ లేదు."

ఫోన్ తీసి ఆఫీసులో ఉన్న మా అమ్మాయికి వీధంతా వినేలా చెప్పాను. అది మెల్లగా, "ఓసారి మెట్టు చూసొస్తా మావయ్యా, ఎవరైనా రాళ్లు పరిచారేమో" అంది.

"పక్కింటివాళ్లకీ వినపడాలి, ఇంకోసారి చెప్పండి" అంది టైలరక్క, టేపు చుట్టుకుంటూ. చెప్పాను. మూడోసారి ఎవరూ అడగకుండానే చెప్పాను: ఈ వాన మా మేనకోడలు ముందే కురిపించింది.