మునగని పిల్ల

ఇలా దగ్గరికి జరగండర్రా, ఆ టీవీ సౌండు కాస్త తగ్గించి. దేవకుమార్ సంగతి చెబుతాను.

అమెరికాలో, శాంటా క్లారాలో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఉద్యోగం అతనికి. సాయంత్రం ఇంటికొచ్చి, టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటర్ ముందు కూర్చుంటే అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు. డెబ్బై ఏడు ఉప్పెనలో దివిసీమలో అతని చెల్లెలు ప్రేమజ్యోతి కొట్టుకుపోయింది. పన్నెండేళ్ళ పిల్ల, శవం కూడా దొరకలేదు. ఆ దిగులంతా పోసి మూడేళ్ళు కూర్చుని ఒక ఆట రాశాడు. నీళ్ళు పెరుగుతుంటాయి, చేతులూపే మనుషుల్ని పడవలోకి ఎక్కించుకోవాలి. వాళ్ళలో పరికిణీ కట్టుకున్న పిల్ల ఒకటుంది. ఆడేవాడు ఎంత చేతకానివాడైనా సరే, ఆ పిల్ల మాత్రం మునగదు. అలా రాశాడు.

ఆటలమ్మే కంపెనీకి పట్టుకెళ్ళాడు. మేనేజరు గంటసేపు ఆడి, "భలే ఉందయ్యా! కానీ కాపాడే ఆట ఎవడు కొంటాడు? కాల్చాలి. పడవని రాకెట్ చెయ్యి. ఈ మనుషులకి ఆకుపచ్చ రంగు పూసెయ్, వేరే గ్రహం వాళ్ళయిపోతారు" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే భార్య మణి, "మూడేళ్ళుగా ఆ పెట్టెతోనే కదండీ మీ కాపురం! ఒప్పేసుకోండి" అంది.

"చెల్లిని కాలుస్తారే, మణీ."

"బొమ్మండీ అది!" అనేసి, తనే నాలిక్కరుచుకుంది.

తన ఆట షాపులో చూసుకోవాలని అతనికి ఎంత ఆశో! వారం రోజులు కొట్టుమిట్టాడి అందరికీ రంగు పూశాడు. పరికిణీ పిల్లని కాల్చనివ్వలేక తన చేత్తోనే చెరిపేశాడు. పాతది ఉంటే మనసు మారుతుందని, దాన్ని దాచుకున్న క్యాసెట్ మీదే కొత్తది ఎక్కించేశాడు.

ఆట బాగా అమ్ముడైంది. అట్టపెట్టె మీద కంపెనీ పేరే గానీ అతని పేరు లేదు. చర్చిలో పిల్లలు, "అంకుల్, నేను రెండొందల మందిని చంపేశా!" అని గంతులేస్తే, "గుడ్, గుడ్" అనేవాడు. మొహం మాత్రం మాడిపోయేది.

ఎనభై మూడులో ఆటల బేరాలు పడిపోయి ఆ కంపెనీ మూతపడింది. "ఆ పడవ ఆట మళ్ళీ రాయకూడదూ?" అంది మణి. కూర్చున్నాడు. పడవ వచ్చింది, నీళ్ళొచ్చాయి. పరికిణీ పిల్ల దగ్గర ఆగిపోయాడు.

"అది ఏ చెయ్యి ఊపేదో గుర్తు రావట్లేదే" అని కంప్యూటర్ కట్టేశాడు. మళ్ళీ ముట్టుకోలేదు.

ఇప్పుడెవరైనా ఆ ఆట చూస్తే రాకెట్ ఆటే అంటారు. మీరు మాత్రం మరిచిపోకండర్రా. మీ పిల్లలకి చెప్పేటప్పుడు, మొదట అది పడవ అనీ, అందులో ఒక పిల్ల ఎప్పుడూ మునిగేది కాదనీ చెప్పండి.