శాకాహారుల ఇంట్లో మసాలా వాసన

అమీర్‌పేటలో మెట్రోకి కూతవేటు దూరంలో, నీళ్ళ కరువు లేని రెండు గదుల వాటా దొరకడమంటే మాటలా? అందుకే ఇల్లుగలాయన చక్రపాణి గారు మాంసం, గుడ్డు గుమ్మం దాటి లోపలికి రాకూడదని షరతు పెట్టగానే భీమవరం పిల్ల మంజూష ఠక్కున తలూపేసింది. మొగుడు వివేక్ రెండాకులు ఎక్కువే చదివాడు కాబట్టి, అసలు మా ఇంటావంటా లేదండీ అనేశాడు. నిజానికి వాళ్ళ ఇంటా వంటా ఉన్నదే అది.

అయినా ఇంట్లో వండకుండా ఏడాదిపాటు మాట నిలబెట్టుకున్నారు. నోరు ఊరినప్పుడల్లా పంజాగుట్ట వెళ్ళి తినేసి, సోంపు నములుకుంటూ బుద్ధిమంతుల్లా మెట్లెక్కేవాళ్ళు. ఇంతలో మంజూషకి ఐదో నెల వచ్చింది. బయటి తిండి ముట్టుకోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. సరిగ్గా అప్పుడే పిల్లకి మటన్ పిచ్చి పట్టుకుంది. ఆ కోరిక నాది కాదు, కడుపులో వాడిది అని మొగుడి మీద విసుక్కునేది.

అప్పుడు దొరికింది ఒక వీడియో. మైదాపిండి ముద్ద చేసి, నానబెట్టి, నీళ్ళలో పిసికి పిసికి కడిగితే తెల్లటి గంజంతా పోయి జిగురుముద్ద మిగులుతుంది. దాన్ని ఉడికించి ముక్కలు కోసి వండితే అచ్చం మాంసమేనట. పేరు సైటాన్ అట. పేరేదైతేనేం, ఇచ్చిన మాట తప్పక్కర్లేదు, నోరూ కట్టుకోనక్కర్లేదు.

ఆదివారం పొద్దున్నే వివేక్ చేత ఆ పిండిని కడిగించింది. పాపం వాడి చేతులు పీక్కుపోయాయి. ముద్దని సన్నటి మంట మీద నెమ్మదిగా ఉడికించాలని వీడియోలో చిలక్కి చెప్పినట్టు చెప్పారు. వింటే ఈవిడ మంజూష ఎందుకవుతుంది? మాంసమన్నాక కుక్కర్ పెట్టాల్సిందేనని పెట్టి, విజిల్ మీద విజిల్ కొట్టించింది. మూత తీస్తే ముద్ద గిన్నెలు తోమే స్పాంజిలా ఉబ్బి కూచుంది. ఏడిచినట్టే ఉంది అనుకుని, అల్లం వెల్లుల్లి, ధనియాలు, గసగసాలు, లవంగాలు, ఎండుకొబ్బరి నూరి దండిగా పట్టించింది. ముక్క సంగతి ఎలా ఉన్నా మసాలా మాత్రం వాళ్ళమ్మదే. ఆ వాసన తిన్నగా మెట్లెక్కి ఇల్లుగలవాళ్ళ వాటాలోకి పోయింది.

ఇంకేముంది, చక్రపాణి గారు దిగొచ్చారు. వెనకే ముక్కుకి పమిట అడ్డం పెట్టుకుని భార్య హైమవతి గారు. ఒకటో తారీఖుకల్లా ఖాళీ చేసెయ్యండి అన్నారాయన. కడుపుతో ఉండగా ఇల్లు మారకూడదని మంజూషకి వాళ్ళమ్మ ప్రతి ఫోనులోనూ చెబుతూనే ఉంది. అబద్ధం చెప్పిన ఏడాదంతా హాయిగా గడిచింది, నిజాయితీగా వండుకున్న రోజునే గెంటేస్తున్నారు, ఇదెక్కడి న్యాయం? ఏడుపొచ్చేసింది. మైదా ప్యాకెట్ చూపించింది, బకెట్లో గంజినీళ్ళు చూపించింది. నా దగ్గరా ఈ నాటకాలు అన్నారాయన. కడుపుతో ఉన్న పిల్లని కదిలించకూడదండీ అని హైమవతి గారు గొణిగితే, ముందు ఆచారం ముఖ్యం అని కసిరారు.

ఇక లాభం లేదని మంజూష పళ్ళెంలో కూర వడ్డించి ఆయన ముందుకు తోసింది.

"మీరే ఒక ముక్క తిని చూడండి అంకుల్. మాంసమైతే ఈ పూటే వెళ్ళిపోతాం."

ఆచారం ఉన్న మనిషెవరైనా అక్కణ్ణించి పరుగెత్తాలి కదా. ఈయన ముక్క తీసి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, తీరిగ్గా నమిలారు. చెప్పకేం, తీర్పు మాత్రం ధర్మంగానే ఇచ్చారు.

"ఇది మటన్ కాదు. మటనైతే ఎముక దగ్గర మెత్తగా విడిపోవాలి. ఇదేంటి, రబ్బరులా సాగుతోంది? మసాలా మాత్రం బాగా కుదిరింది." చెబుతూ చెబుతూనే రెండో ముక్క నోట్లో వేసుకున్నారు.

హైమవతి గారు ముక్కు మీంచి పమిట తీసేశారు. మొగుణ్ణి కింద నుంచి పైదాకా, కొత్త మనిషిని చూసినట్టు చూశారు. ఆయన దవడ కదలడం ఆగిపోయింది. ఆఫీసులో ఎవరో చెప్పారనబోయారు గానీ, నోరు నిండుగా ఉండి మాట పెగల్లేదు.

హైమవతి గారు మంజూష కళ్ళు తుడిచారు.

"నువ్వు హాయిగా ఉండమ్మా. ఇల్లు ఖాళీ చెయ్యాల్సింది నువ్వు కాదు."