క్లచ్ లేని బండి

అయినా చప్పుడు చెయ్యకుండా కదిలేదాన్ని బండి అని ఎలా అంటారో, కుర్చీకి చక్రాలు కట్టి తోసినా ఇంతకంటే ఎక్కువ చప్పుడే వస్తుంది, స్టార్టయిందో లేదో కూడా తెలియకపోతే మనిషి దేన్ని నమ్మి కూర్చోవాలి, అని ఆమె లోలోపల సణుక్కుంటూ ఉండగానే డ్రైవింగ్ స్కూలు గేటు వెనక్కి జరిగిపోయింది, అంటే అక్క బండి కదిలించేసిందన్నమాట, ఒక్క కుదుపు లేదు, కొత్తవాళ్ళు కదిలిస్తే బండి కప్పలా గెంతాలి, తల వెళ్ళి డాష్‌బోర్డుని పలకరించి రావాలి, అప్పుడు పక్కసీట్లో ఉన్న తను తన కాళ్ళ దగ్గర అమర్చిన రెండో క్లచ్ నొక్కి బండిని కాపాడి, చూశారా, మెల్లగా వదలమన్నానా లేదా అనాలి, ఇన్నేళ్ళుగా అలాగే జరిగింది, అందుకే నేర్చుకునేవాళ్ళందరూ ఆమెని క్లచ్ మేడం అంటారు, తన వెనకాలే అనుకుంటున్నామనుకుంటారు గానీ ఆమెకి తెలుసు, తెలిసి లోపల మురిసిపోతుంది కూడా, ఇప్పుడీ కరెంటు బండిలో క్లచ్చూ లేదు, గేర్లూ లేవు, నేర్పేవాళ్ళ వైపు బ్రేకు ఒక్కటే బిగించారు, కుడికాలికి ఆ పనైనా ఉంది, ఎడమకాలు మాత్రం పిలవని పేరంటానికి వచ్చిన మనిషిలా ఎక్కడ కుదురుకోవాలో తెలియక అటూ ఇటూ కదులుతోంది, అక్కా అద్దం చూసుకో అంది ఆమె, ఊరికే, ఏదో ఒకటి అనాలి కాబట్టి, చూశానే చిట్టీ అంది అక్క, నిజంగానే చూసింది.

ఇందాక ఓనరుగారు ఇరికించారు, ఈయన ఎప్పుడూ ఇంతే, టీ చేతికిచ్చాక అసలు సంగతి చెబుతాడు, మేడం, మీ అక్కగారికి మన చిన్న మాస్టారు నేర్పడం అయిపోయింది, ఒక్కసారి మీరు పక్కన కూర్చుని తిప్పి తీసుకురండి, వచ్చింది అన్నారా సోమవారం టెస్టుకి పంపేద్దాం, రాలేదన్నారా ఆపేద్దాం, మీ మాటే ఆఖరు, అన్నాడు, నేను ఆ బండెక్కనని ముందే చెప్పాను కదా సార్ అని ఆమె, ఎందుకెక్కరో ఈ రోజైనా చెప్పండి అని ఆయన, ఇక మొదలైంది రోజూ ఉండే రామాయణం, పొగ రాదంటారు, ఆ కరెంటు ఎక్కడినుంచి వస్తోంది సార్, ఊరవతల బొగ్గు కాలిస్తే కాదూ, పొయ్యి పక్కింట్లో వెలిగించి మా ఇంట్లో పొగే లేదని చెప్పుకున్నట్టుంది, అని ఆమె అంటే, మరి పెట్రోలేమైనా పెరట్లో బావిలోంచి తోడుకుంటున్నామా మేడం, దాన్ని తవ్వాలి, వడకట్టాలి, ఓడల్లో మోసుకురావాలి, మళ్ళీ మన ముక్కు కిందే కాల్చాలి, అయినా ఎండనుంచీ గాలినుంచీ కూడా కరెంటొస్తోంది కదా, ఎండనుంచి పెట్రోలు రాదు కదా, అన్నాడు, బ్యాటరీ చచ్చాక ఎక్కడ పారేస్తారు, సగం దారిలో చార్జింగు అయిపోతే తోసుకెళ్ళాలా, అని ఆమె ఒకటి తర్వాత ఒకటి విసురుతూనే ఉంది, గొంతు పెరుగుతోందని తనకే తెలుస్తోంది, ఆయన నవ్వి, పెట్రోలు బంకు వాడే దిగులు పడకుండా పక్కనే చార్జరు పెట్టించుకున్నాడు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేడం అన్నాడు, ఆ మాట దిగింది, నిజమే, తనకెందుకింత దురద, సాయంత్రం మొహం తుడుచుకుంటే చేతిరుమాలు నల్లగా అయ్యేది తనకే, చలికాలమంతా దగ్గేది తనే, అయినా ఆ క్షణంలో పెట్రోలుని సొంత మేనమామనన్నట్టు వెనకేసుకొచ్చింది, క్లచ్ రానివాళ్ళకి డ్రైవింగ్ వచ్చినట్టు కాదు సార్, అంతే, అని లేచి వచ్చేసింది, బయట అక్క అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని చున్నీ నడుముకి బిగించుకుంటోంది.

చున్నీ అలా బిగించుకోవడం చిన్నప్పటినుంచీ ఉంది, ముగ్గు పోటీ అయినా, పరుగు పందెం అయినా, లెక్కల పరీక్ష అయినా అక్క ఓణీ నడుముకి చుట్టిందంటే మొదటి బహుమతి ఇంటికొచ్చినట్టే, అక్కని చూసి నేర్చుకోవే అనేది అమ్మ, ఆ వాక్యం అన్నంతోపాటు రెండు పూటలా పెట్టేది, అక్క అక్షరాలు ముత్యాలు, అక్క జడ బారెడు, చుట్టాలొస్తే అక్కని పాడమనేవారు, చిట్టిని మంచినీళ్ళు తెమ్మనేవారు, అక్క లెక్కల టీచరైంది, పెళ్ళిచూపుల్లో బావ తలెత్తి చూసి మళ్ళీ దించలేదు, ఇవన్నీ సరే, ఎవరి అదృష్టం వారిది, అక్క మంచిదే, మంచిది కావడం వల్లే మరీ కష్టం, తిట్టుకోవడానికి కూడా వీలివ్వదు, ఆ అక్కే ఒకప్పుడు తన దగ్గర బండి నేర్చుకోవడానికొచ్చింది, వచ్చి, నేర్చుకోలేక, ఆస్పత్రి వెనక ఎత్తు దగ్గర బండి దిగి ఇంటిదాకా నడుచుకుంటూ వెళ్ళిపోయింది, అప్పటినుంచి పదిమంది చేరినచోటల్లా ఆ కథ ఆమే చెబుతుంది, ఎలా దిగిందో, చెప్పులు చేత్తో పట్టుకుని ఎలా నడిచిందో నటించి మరీ చూపిస్తుంది, అందరూ కడుపుబ్బ నవ్వుతారు, అందరికంటే ముందు అక్కే నవ్వేది, మా చిట్టికి అది వెన్నతో పెట్టిన విద్య, నాకెక్కడొస్తుంది అనేది, ఎవరే కొత్త బండి కొనాలన్నా చిట్టిని అడగండి అనేవారు, అంత పెద్ద కుటుంబంలో చిట్టిని అడగండి అనే మాట ఆ ఒక్క విషయంలోనే వినపడేది.

ఇప్పుడు బావకి చూపు తగ్గింది, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పేశాడు, అక్క స్కూలేమో ఊరికి ఆ చివర, దారిలో బావని ఆఫీసులో దింపాలి, సాయంత్రం తీసుకురావాలి, వారం వారం ఆస్పత్రి, రోజూ ఎవర్నో ఒకర్ని బతిమాలుకుంటున్నారు, ఎదురింటి ఆయన హారన్ కొడితే ఈయన తినే కంచం ముందునుంచి లేచి పరిగెడుతున్నారే, చూడలేకపోతున్నాను, నాకు బండి రావాలి చిట్టీ, అంది అక్క నెల కిందట, నేను నేర్పుతాను, పెట్రోలు బండిలో, పద్ధతిగా, అంది ఆమె, వద్దులేవే, ఆ క్లచ్ జోలికి మళ్ళీ పోలేను, మీ స్కూల్లో కొత్తది వచ్చిందటగా, అంది అక్క, దాందేముంది, ఆటబొమ్మ, అంది ఆమె, ఆటబొమ్మయితేనేం, తీసుకెళ్ళి తీసుకొస్తుంది కదా, అని నవ్వింది అక్క, ఆ నవ్వు ఇంకా ఒంట్లో ముల్లులా ఉంది, ఎక్కడ గుచ్చుకుందో దొరకడంలేదు, ఇదిగో ఇప్పుడు బజారు మలుపులో ముందు బస్సు నల్లగా ఒక మేఘం వదిలింది, కిటికీ తీసే ఉంది కాబట్టి పొగంతా ఆమె నోట్లోకే వచ్చింది, దగ్గు ఆగలేదు, అక్క తనవైపు మీట నొక్కి ఆమె వైపు అద్దం పైకెత్తి ఏసీ వేసింది, ఈ బండిలో ఏసీ వేస్తే చార్జింగు తొందరగా దిగిపోతుంది తెలుసా, అంది ఆమె దగ్గు మధ్యలోనే, తెలుసులే, ఇంటికెళ్ళడానికి సరిపడా ఉంది, అంది అక్క.

మధ్యాహ్నం అన్నానికి బడి వదిలారు, పిల్లల మధ్య ఒక ముసలాయన ఫోను చూసుకుంటూ రోడ్డు మీదకి దిగాడు, బండి వస్తోందని వినపడితే కదా ఆగడానికి, చూశావా ఇదే నేను చెప్పేది, అని మనసు ఎగిరి గంతేసింది, ఇదిగో ఇక్కడ దొరికిపోతావు అక్కా, అని కుడికాలు బ్రేకు మీదకి లేచింది, లేచేలోపే బండి మెత్తగా ఆగిపోయింది, అక్క ఆపేసింది, ముసలాయన తలెత్తి చెయ్యెత్తి దణ్ణంలాంటిదేదో పెట్టి వెళ్ళిపోయాడు, అక్క చేతులు స్టీరింగు మీద అలాగే, రొట్టె పట్టుకున్నంత తేలిగ్గా ఉన్నాయి, ఆ చేతులేనా అప్పుడు ఆ ఎత్తు దగ్గర స్టీరింగు వదిలేసినవి, ఎంతమందిని చూసింది తను, ఎంతమంది చెమటలు, ఏడుపులు, తను మాత్రం నేర్చుకోలేదా, పెద్ద మాస్టారు ఎడమకాలి మీద స్కేలుతో కొట్టి కొట్టి నేర్పారు, ఊరికే వచ్చిందా, ఊరికే వచ్చేస్తే ఇక దానికి విలువేముంది, చిన్న మాస్టారు నేర్పిన నాలుగు వారాలకే ఈవిడ నేతిలో చెయ్యి ముంచి తీసినట్టు తిప్పేస్తోంది, అక్కా, ఆస్పత్రి వెనక సందులోకి తిప్పు, అంది ఆమె, అక్క ఒక్క క్షణం ఆమెవైపు చూసింది, అక్కడికా, అంది, టెస్టుకి ముందు నా దగ్గర అందరూ అక్కడికి రావాల్సిందే, అంది ఆమె.

ఆ ఎత్తు దగ్గర క్లచ్ మేడంకి ఒక పద్ధతుంది, ఎత్తు మధ్యలో బండి ఆపించి, తను దిగి, వెనక చక్రం వెనకాల జానెడు దూరంలో ఖాళీ వాటర్ బాటిల్ నిలబెడుతుంది, వచ్చి కూర్చుని ఇప్పుడు కదిలించండి అంటుంది, క్లచ్ సరిగ్గా వదిలినవాళ్ళ బండి ముందుకి పోతుంది, వదలడం రానివాళ్ళ బండి వెనక్కి జారి బాటిల్ని నలిపేస్తుంది, ఆ నలిగిన చప్పుడు రాకపోతేనే పాసు, అక్క ఆ రోజు తెచ్చిన బాటిళ్ళన్నీ నలిపేసింది, చివరి దాని చప్పుడుకి తలుపు తీసుకుని దిగిపోయింది, ఇవాళ కూడా ఆమె దిగింది, బాటిల్ నిలబెట్టింది, మామూలుగా పెట్టేదానికంటే చక్రానికి ఇంకాస్త దగ్గరగా పెట్టిందేమో, ఏమో, గాలికి పడిపోతుందని అలా పెట్టింది, వచ్చి కూర్చుంది, కదిలించు అంది, అక్క నుదుటి మీద ఇప్పుడు చెమట పట్టింది, పెదాలు కదుపుతూ ఏదో అనుకుంది, బ్రేకు మీంచి కాలు తీసింది, బండి వెనక్కి జారలేదు, వెంట్రుకవాసి కూడా, ఎత్తు తనకి తెలిసినట్టే దానంతటది పట్టుకుని నిలబడింది, అక్క కాలు ఆనించగానే నీళ్ళల్లో పడవలా ముందుకి కదిలింది, పక్క అద్దంలో బాటిల్ నిటారుగా, మూత నీలంగా మెరుస్తూ నిలబడి ఉంది, చిన్నదైపోతోంది, దూరమైపోతోంది, అంతే, అంతలో బండి ఒక్క కుదుపుతో ఆగిపోయింది, ఇద్దరి తలలూ ముందుకొచ్చాయి.

నేనేం చేశానే, అంది అక్క, మొహం పాలిపోయింది, మళ్ళీ నేనేం చేశాను, వెనక్కి జారిందా, నలిగిందా చిట్టీ, అని అడిగింది, చప్పుడు వినపడిందో లేదో తనకే నమ్మకం లేనట్టు, ఎడమచెయ్యి స్టీరింగు మీదే ఉంది గానీ కుడిచెయ్యి తలుపు గొళ్ళెం మీదకి వెళ్ళింది, అచ్చం అప్పటిలాగే, ఊ అంటే చాలు, నలిగింది అనక్కర్లేదు, ఊరుకున్నా చాలు, దిగిపోతుంది, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిపోతుంది, రేపు ఎదురింటి ఆయన హారన్ కొడితే బావ కంచం ముందునుంచి లేస్తాడు, కథకి ఇంకో ముక్క చేరుతుంది, మరి ఆమె నోట్లో ఇంకో మాట కూడా సిద్ధంగా ఉంది, అలవాటులో పొరపాటు అక్కా, క్లచ్ అనుకుని బ్రేకు తొక్కేశాను అని, పాత బండ్లు తిప్పి తిప్పి ఇందులోకి వచ్చినవాళ్ళందరూ చేసే పొరపాటే అది, ఓనరుగారు కూడా మొదటిరోజు తొక్కేశారు, ఎవరూ అనుమానించరు, నవ్వేస్తారు, ఎంత చక్కటి మాట, అనబోయి కిందకి చూసింది, క్లచ్ కోసం వెతికేది ఎడమకాలు, నిద్రలో లేపినా ఎడమకాలే, అది సీటు వారగా బుద్ధిగా ఒదిగి ఉంది, బ్రేకు మీద ఇంకా గట్టిగా నొక్కి ఉన్నది కుడికాలు, దానికి పొరపాటు పడాల్సిన అవసరమే లేదు, అది ఎప్పుడూ తొక్కేది బ్రేకునే, తెలిసే తొక్కింది, అలా చూస్తూ ఉండగా లోపల గోలంతా ఒక్కసారి సద్దుమణిగింది, బొగ్గూ లేదు, బ్యాటరీ లేదు, పొగ మీద ప్రేమా లేదు, అసూయ, అంతే, అన్నీ ఉన్న అక్కకి ఒక్కటి రాదు, ఆ రాకపోవడం ఒక్కటే తన సొంతం, ఇన్నాళ్ళూ దానికే పెట్రోలు అని పేరు పెట్టుకుని పోట్లాడింది, నలగలేదక్కా, అంది, నిలబడే ఉంది, నువ్వేం చెయ్యలేదు, బ్రేకు నేను తొక్కాను, ఎవరైనా అడ్డమొచ్చారా, అంది అక్క, ఎవరూ రాలేదు, అంది ఆమె, అక్క ఆమె మొహంలోకి చూసి గొళ్ళెం మీంచి చెయ్యి తీసింది, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ చెయ్యని పని చేసింది ఆమె అప్పుడు, చెప్పులు విడిచేసి, రెండు కాళ్ళూ సీటు మీదకి తీసుకుని మఠం వేసుకుని కూర్చుంది, పోనీ అక్కా, అంది.