అడగనివాడి శిక్ష

తొలి ఎన్నికలైన ఏడాది, రిజర్వు అడవిలో చెట్లు కొట్టించాడని సాహుకారు జగన్నాథానికీ, కొట్టాడని అతని కూలీ వంతల దొంబుకీ కోర్టు ఒకే శిక్ష వేసింది. జగన్నాథం అప్పీలు చేసుకున్నాడు. దొంబు చేసుకోలేదు. వాళ్ళ కొండ మీద పెద్దలు తీర్పు చెప్పాక దండం పెట్టి ఒప్పుకోవాలి. మళ్ళీ అడిగితే పెద్దల్ని అబద్ధాలకోరులన్నట్టే. అప్పీలు చేసుకుంటావా అని జైల్లో అడిగినా అతను దండమే పెట్టాడు.

అరకు సంతలో జగన్నాథం దర్జాగా దుకాణంలో కూర్చుని కనిపించేసరికి దొంబు భార్య సుక్రికి ఒళ్ళు మండిపోయింది.

"నువ్వెలా వచ్చీసినావు బాబూ?"

"పైకోర్టు కేసు కొట్టీసింది. అది రిజర్వు అడవే కాదట. నేరమే జరగలేదన్నారు."

"మరి మావోడు?"

"ఆడు అప్పీలు సెయ్యలేదు కదే. అడిగినోడి మాటే ఇంటారు."

సుక్రి నెత్తిమీది తట్ట దించలేదు.

"జరగని నేరానికి ఆడింకా లోపలే ఉన్నాడు. ఆడు గొడ్డలెత్తింది నీ మాట మీదే కదా. నీ కోసం అడిగినప్పుడు ఆడి పేరు నీ నోటికి రాలేదా?"

జగన్నాథం తక్కెడ అందుకున్నాడు.

"తట్టలో ఏటి, చింతపండేనా?"