మంచిగ నడిచే బండి

మస్కట్ నుంచి వచ్చిన కొత్తలోనే బాలరాజు కోరుట్లలో ఒక బండిని చూసి మనసు పారేసుకున్నాడు. దాన్ని బండి అనడానికి నోరు రావాలి. ముందు సగం జీపు, వెనుక సగం రేకుల డబ్బా. సిరిసిల్లలో మరమగ్గాలున్న మార్కండేయులు అనే ఆసామి, నూలు బేళ్ళు మోయించడానికని పాత జీపును నడుము దగ్గర కోయించి, మధ్యలో ఇనుప ముక్క అతికించి, పొడుగు చేయించాడట. ఆ అతుకు వేసిన మహానుభావుడెవరో గానీ వెల్డింగ్ చేశాడో, పిడకలు చరిచాడో చెప్పలేం. బరువు ఆగాలని ఇరుసు మీద కమాన్ పట్టీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించేసరికి వెనుక భాగం లేచి నిలబడింది. బ్రేకు పైపుకు చీర అంచు చుట్టి ఉంది. ఆ తర్వాత ఎవరి చేతికో మారి, కోరుట్లలో ఓ కొట్టం కింద ఏళ్ళ తరబడి పడి ఉంటే, కోళ్ళు డ్రైవరు సీటులో గుడ్లు పెట్టుకున్నాయి.

దాన్ని ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చి, సారంగాపూర్ అవతల తన ఊళ్ళో, ఇంటి వాకిట్లో దింపాడు బాలరాజు. చుట్టూ మూగిన జనం నోళ్ళు నొక్కుకున్నారు.

"గిది నడుస్తదా?" అంది అతని పెళ్ళాం సుమిత్ర.

"నడుసుడు గాదు, ఉరుకుతది సూడు. పసుపు కొమ్ములు, మక్కలు అన్నీ మన బండ్లెనే జగిత్యాల పోతయి. మళ్ళ మస్కట్ మొకం చూసేది లేదు."

ఆ చివరి మాట ఒక్కటీ సుమిత్రకు తీపిగా తగిలింది. మొగుడు ఇంట్లో ఉండడం అంటే ఏమిటో ఆమెకు పెళ్ళయిన ఇన్నాళ్ళకు గానీ తెలియలేదు.  అందుకే బీడీల చేట బండి పక్కనే పెట్టుకుని, ఒక చేత్తో ఆకు చుడుతూ, అతను అడిగినప్పుడల్లా పానా అందించేది. బాలరాజు మస్కట్‌లో గ్యారేజీ పనిచేసినవాడు. ఏది విప్పినా ఇది దేనికి, అది దేనికి అని పెళ్ళానికి చెప్పకుండా ఉండలేడు. పాత అతుకంతా కోసి పడేసి, రెండు పక్కలా మందపాటి పట్టీలు వేసి మళ్ళీ అతికించాడు. అక్కర్లేని కమాన్ పట్టీలు తీసేశాడు. సందుల్లో కూరుకుపోయిన నూలు పోగుల్ని సుమిత్ర చీపురు పుల్లతో లాగి లాగి తీసింది.

సంగతేమిటంటే, బాలరాజుకు ఇంజన్లు తెలుసు గానీ ఊరు తెలియదు. అతను లేని ఏళ్ళలోనే ఊరు మారిపోయింది. అడవిలో అన్నలు, రోడ్డు మీద పోలీసులు. రోడ్డు కింద మందుపాతర ఎక్కడ ఉందో తెలియక పోలీసులు తమ బండ్లు ఎక్కడం మానుకున్నారు. ఊళ్ళల్లో ఎవరి బండి మంచిగా నడిస్తే దాన్నే, తోలేవాడితో సహా, పట్టుకుపోయేవాళ్ళు. అన్నలేమో బస్‌స్టాండు గోడ మీద ఎర్ర సిరా కాగితం అంటించి పోయారు. పోలీసుల్ని ఎక్కించుకున్న బండికి తమ పూచీ లేదని దాని సారాంశం. ఇక బండి ఉన్నవాళ్ళు ఏం చేస్తారు? ఎవరి బండిని వాళ్ళే సగం చెడగొట్టి పెట్టుకున్నారు. ఒకడు చక్రం విప్పి అటక మీద పడేశాడు. ఒకడు బ్యాటరీని వడ్ల గుమ్మిలో దాచాడు. పక్కింటి భీమయ్యకు జీపుంది. పెళ్ళిళ్ళకూ అంగళ్ళకూ జనాన్ని తిప్పుతూ బతికేవాడు, ఇప్పుడు దాన్ని ఇంటి వెనుక జొన్న చొప్ప కప్పి దాచేశాడు. ఈ సంగతి వాడకట్టు వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

అటువంటి ఊళ్ళో బాలరాజు ఇంటి ముందు, నలుగురూ చూస్తుండగా, బండి బాగు చేస్తున్నాడు!

ఎదురింటి ముసలమ్మ వెంకటవ్వ ఉండబట్టలేక సుమిత్రను పక్కకు పిలిచింది. "బిడ్డా, బండిని గంత మంచిగ చెయ్యొద్దని నీ మొగనికి చెప్పరాదే. గా సప్పుడు ఇంటె పోలీసులు సక్కగ గిటే వస్తరు."

సుమిత్ర చెప్పింది. అన్నం వడ్డిస్తూ చెప్పింది, నీళ్ళు తోడి పెడుతూ చెప్పింది, చివరికి ఏడుస్తూ చెప్పింది. బాలరాజు వింటాడు గానీ లోపలికి ఎక్కించుకోడు. "గట్ల భయపడితె బతుకుడెట్లనే? నేనేమన్న దొంగతనం చేస్తున్ననా?" అంటాడు. ఆమె పోరు పడలేక ఒక్క పని మాత్రం చేశాడు. రేకుల డబ్బాలో ఎవరున్నదీ బయటికి కనబడదు, అన్నలు పోలీసులనుకుంటే కొంప మునుగుతుంది అని ఆమె అంటే, డబ్బా మొత్తం కోసేసి నడుమెత్తు పలకలు బిగించాడు. ఇప్పుడు ఎవరు కూర్చున్నా ఊరంతటికీ కనబడతారు.

ఆ సాయంత్రమే ఇంజన్ అందుకుంది. మొదట నల్ల పొగ కక్కింది, దగ్గింది, ఆ తర్వాత ఎంత నున్నగా తిరిగిందంటే బాలరాజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆగలేకపోయాడు. సారంగాపూర్ దాకా పోయి, దారి పొడుగునా హారను కొట్టుకుంటూ తిరిగొచ్చాడు. సుమిత్ర గడపలో కూర్చుని ఆ హారను దూరం నుంచి దగ్గరికి వస్తుండగా వింది. ఎవరెవరు చూశారో, ఏ హోటల్ దగ్గర ఎవరు కూర్చుని ఉన్నారో అని ఒక్కొక్కరినే లెక్క పెట్టుకుంది. మొగుడు తన ఇంటికి తానే చావును పిలుచుకొస్తున్నట్లు అనిపించింది.

తెల్లారి బాలరాజు స్నానానికి పోగానే ఆమె పానా పట్టుకుని బండి ముందు మూత ఎత్తింది. ఏది విప్పాలో ఆమెకు తెలుసు. డీజిల్ పైపును పంపుకు బిగించే బోల్టు ఒకటుంది, లోపల బోలుగా ఉంటుంది. అది లేకుంటే ఇంజన్‌కు డీజిల్ అందదని, జగిత్యాలలో కూడా ఓ పట్టాన దొరకదని బాలరాజే చెప్పాడు. దాన్ని విప్పి రొంటిన దోపుకుంది. నాలుగు రోజులు బండి కదలకపోతే ఊరు మర్చిపోతుంది, ఈలోగా మొగుడికి నచ్చజెప్పుకోవచ్చు అనుకుంది పిచ్చిది.

నాలుగు రోజులు ఎవరిచ్చారు? ఆ మధ్యాహ్నమే, అన్నాల వేళకు, పోలీసులు నడిచి వచ్చారు. వాళ్ళు నడిచి వచ్చారంటేనే బండి కోసం వచ్చారని అర్థం. వాడకట్టులో తలుపులు టపటపా మూసుకున్నాయి.

"నిన్న హారను కొట్టుకుంట తిరిగినోడు ఎవడ్రా?" అన్నాడు ఎస్సై.

బాలరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిన్నటి మనిషి కాడు.

"తియ్ బండి. ధర్మపురి దిక్కు పోవాలె."

బాలరాజు తాళం తిప్పాడు. ఇంజన్ గిరగిరా తిరిగిందే తప్ప అందుకోలేదు. దిగి మూత ఎత్తాడు. పైపు ఊరికే వేలాడుతోంది, కింద డీజిల్ మడుగు కట్టింది. ఒక్క క్షణం అలాగే వంగి ఉండిపోయి, తల తిప్పి సుమిత్ర వైపు చూశాడు. ఆ చూపుకు ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. రొంటిలో బోల్టు పొట్టకు ఒత్తుకుంటోంది, దాని డీజిల్ వాసన పోలీసులకు కొడుతుందేమోనని ఊపిరి బిగబట్టింది.

"ఏందో తేడా వచ్చింది సార్," అన్నాడు బాలరాజు మూత దించేస్తూ.

ఎస్సై చెంప మీద కొట్టాడు. "నిన్న ఉరికిన బండికి ఇయ్యాల తేడా వచ్చిందా? ఎవని కోసం దాస్తున్నవ్ రా బండి? రాత్రి అన్నలకు పంపుతవా?" ఒక కానిస్టేబుల్ తుపాకీ మడమతో వీపు మీద పొడిచాడు. బాలరాజు బానెట్ మీద పడ్డాడు. ముక్కులోంచి రక్తం దాని మీద కారింది. "నడువ్. మాతోని వస్తె అన్నీ చెప్తవ్."

మాతోని రావడమంటే ఏమిటో ఆ తాలూకాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అట్లా పోయినవాళ్ళలో కొందరు పేపర్లో ఫోటోలై వచ్చారు. సుమిత్ర అడ్డంపోయి ఎస్సై కాళ్ళ మీద పడింది. కానిస్టేబుళ్ళు బాలరాజు రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఆమె బుర్రలో ఆ రెక్కలు తప్ప ఇంకేమీ లేవు. నోటి నుంచి మాట దానంతట అదే వచ్చింది.

"సార్, భీమన్న జీపు మంచిగ నడుస్తది సార్. అగో, గా ఇంటెనక, చొప్ప కింద ఉన్నది."

అనేసిన తర్వాత తన గొంతు తనకే కొత్తగా వినబడింది. బాలరాజు తలెత్తి చూశాడు. పోలీసులు అతన్ని వదిలేసి పక్కింటి వైపు పోయారు.

భీమయ్య అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. ఎంగిలి చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోలేదు. చొప్ప లాగేసి ఉన్న జీపును చూసి, ఎవరు చెప్పారని అడగలేదు. అడిగే వేళా కాదది. పెళ్ళాం నీల బీడీలు ఇచ్చి రావడానికి కార్ఖానాకు పోయింది. అతను గోడ మీద నుంచి సుమిత్రను పిలిచాడు.

"చెల్లే, నీలొస్తె చెప్పు. ధర్మపురి దాక పోయస్త అన్నడని. పొయ్యి మీద చారున్నది, జర దించు."

జీపు పోయింది. సుమిత్ర పోయి చారు దించింది.

నీల తిరిగి వచ్చాక సుమిత్ర ఆ మాటే చెప్పింది, అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. నీల గుండెలు బాదుకుంటూ వీధి చివర కూర్చుంది. సుమిత్ర ఆమె పక్కనే కూర్చుంది, లేస్తే ఎక్కడ తెలిసిపోతుందోనని. దాచడమెందుకు, ఆ భయంలో కూడా ఆమె మనసులో ఒక మూల సంతోషం ఉంది. మొగుడు ఇంట్లో ఉన్నాడు. ముక్కుకు గుడ్డ అదుముకుని మంచంలో పడుకుని ఉన్నాడు. ఆ సంతోషాన్ని చూసి ఆమెకే భయమేసింది. బాలరాజు ఆమె కలిపిచ్చిన అన్నం తినలేదు.

తెల్లవారు జామున పాలు పోయడానికి పోయినవాడు సైకిలు పారేసి పరుగెత్తుకొచ్చాడు. కల్వర్టు దగ్గర మందుపాతర పేలింది. జీపు లేదు, ముక్కలున్నాయి. పోలీసుల శవాలను వాళ్ళ వ్యాన్లు తీసుకుపోయాయి. భీమయ్య శవాన్ని జగిత్యాల పెద్దాసుపత్రిలో పడేశారు, వచ్చి తీసుకుపొమ్మన్నారు.

ఎవరు తీసుకొస్తారు? ఆ రోడ్డు మీదికి బస్సు రావడం లేదు. చక్రం అటక మీద ఉన్నవాడు తలుపు తియ్యలేదు. బ్యాటరీ గుమ్మిలో ఉన్నవాడు ఊళ్ళోనే లేనని చెప్పించాడు. నీల వాకిట్లో పడి దొర్లుతూ, "జర ఎవలన్న తోలుక రాండ్రయ్యా" అని పేరు పేరునా పిలుస్తోంది.

బాలరాజు మంచం దిగి వచ్చి సుమిత్ర ముందు చెయ్యి చాపాడు. ఏమిటని ఆమె అడగలేదు. గోడ వైపు తిరిగి రొంటి నుంచి బోల్టు తీసి అతని అరచేతిలో పెట్టింది. అది ఒంటి వేడికి వెచ్చగా ఉంది.

"నువ్వు పోకు," అంది. "దారి పొంట ఇంకేమేం పెట్టిన్రో."

"నిన్న నేను పోవాల్సిన దారి గది," అన్నాడు. అంతే.

బోల్టు బిగించి, పైపులోని గాలి తీసేసరికి బండి ఒక్క తిప్పుకే అందుకుంది. నీలను ఎత్తి వెనుక కూర్చోబెట్టారు. తోడు ఎవరూ ఎక్కకపోతే సుమిత్రే ఎక్కింది. మొగుడు పోయే దారిలో తానూ పోతే సరి అనుకుంది, కానీ ప్రతి గుంతకూ కళ్ళు గట్టిగా మూసుకుంటూనే ఉంది. పొలాల మీద మంచు పట్టి ఉంది. మట్టి కొత్తగా కనబడిన ప్రతిచోటా బాలరాజు బండిని పక్కకు కోసి పోనిచ్చాడు. పేలిన కల్వర్టు దగ్గర పోలీసులు ఆపి, పొలం గట్టు మీదుగా దింపి పంపారు. నీల ఆ వైపు చూడకుండా సుమిత్ర ఆమె ముఖాన్ని తన భుజానికి అదిమి పట్టుకుంది.

అక్కడి నుంచి కొంత దూరం పోయాక నీల ఏడుపు ఆపి మాట్లాడింది.

"మీ బండి నిన్న ఖరాబవుడే మంచిగైంది వదినా. లేకుంటె బాలరాజన్న పోయేటోడు. ఒక్క ఇల్లన్న నిలవడ్డది."



"ఎవలు చెప్పిన్రో వదినా, చొప్ప కింద ఉన్నదని. మన వాడకట్టోల్లకు తప్ప ఎవలకు ఎరుక?" నీల ఆమె ముఖంలోకి చూసింది. "నువ్వు గాన్నే ఉంటివి గదా. ఎవల నోట్లకెల్లి వచ్చింది గా మాట? నువ్వు చూడలేదా?"

ముందు సీటులో బాలరాజు తల వెనుక భాగం కనబడుతోంది. అతను తిరిగి చూడలేదు.

"నేను సార్ కాళ్ళ మీద పడి ఉంటి వదినా," అంది సుమిత్ర. "ఏం చూడలే."

పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, ఒళ్ళంతా ఆగకుండా వణుకుతోంది. ఆపుకుందామంటే ఆగడం లేదు. నీల అది చలి అనుకుంది. తన కొంగు విప్పి సుమిత్ర భుజాల చుట్టూ కప్పి, దగ్గరికి తీసుకుని కూర్చుంది.